రోబో కళ్ళకు బొట్టు

మా ముత్తాత, తాత వన్ టౌన్‌లో సరుకు పడవల యజమానులు. రేవులో వారి మాటకు తిరుగులేదు. రెండువేల సంవత్సరం దాటాక నేను హైస్కూల్లో సైన్సు చెబుతూ రోబో జట్టు మొదలుపెట్టాను. తొలి పోటీలో ఓడితే జట్టు రద్దన్నారు హెడ్మాస్టరు.

పోటీకి ముందు మా జట్టులోని లక్ష్మి ఒక మూల కూర్చుని రోబో ముందున్న, గీతను చూసే సెన్సార్లను గోకుతూ కనిపించింది. వాళ్ళన్నయ్య ఎదుటి జట్టువాడు. అనుమానంతో రోబోను లాక్కుని బరిలో పెట్టాను. అది తాను నడవాల్సిన నల్లగీత వదిలి గోడకు కొట్టుకుంది.

"ఏం చేశావ్?" అన్నాను.

"నానేటి సేసేను సార్? కళ్ళనాగున్నాయని పొద్దున్న మీ ఇంటికాడ మీ అమ్మగారే బొట్లెట్టేరు. తుడత్తంటే మీరు లాగేసుకున్నారు."

బయలుదేరే పడవకు బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. క్షమాపణ అడగడం మాకు అలవాటు లేదు. బదులుగా, బొట్లు తుడవమని నా ఇస్త్రీ రుమాలు ఆమె చేతికిచ్చాను. ప్రతి జట్టుకూ ఇచ్చే రెండో అవకాశంలో రోబో గీత తప్పలేదు, జట్టు నిలిచింది. అనుమానం కలిగితే ముందు అడగాలని ఆ రోజు తెలిసింది.

ఆ రోబో మోటార్లు కొనడానికి అంతకు ముందే మా చివరి పడవ లంగరు అమ్మేశాను.