బాబాయి చేతులు మార్చిన ఏడాది

మా బాబాయి చేతికి పొడుగ్గా, గుండ్రంగా ఉండే వస్తువేదీ ఇవ్వకూడదు. ఇస్తే ఓ పట్టాన తిరిగి రాదు. గొడుగు ఇచ్చినా, చీపురు ఇచ్చినా, క్షణంలో రెండు చేతులూ దాని మీదికి చేరి వేళ్లు టపటపా ఆడడం మొదలవుతుంది. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు థర్మామీటరు ఇచ్చాడు. నోట్లో పెట్టుకుని దాని మీదా వేళ్లు ఆడించాడు. ఆ రోజు జ్వరం ఎంతో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆయన మా పనిముట్ల ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. ఫ్యాక్టరీ బ్యాండులో బ్యాగ్‌పైపు వాయిస్తాడు. అదే బ్యాండులో పెద్ద డ్రమ్ము మోసేవాణ్ణి నేను. కాబట్టి ఈ బాధ నాకు ఇంటా బయటా ఉండేది. స్టోరు నిండా రాడ్లూ పైపులే. అడిగినవాడికి పైపు ఇచ్చేముందు దాని మీద నాలుగు గమకాలు వేసిగానీ వదిలేవాడు కాదు. వెనక పదిమంది వరసలో నిలబడి ఆయన్ని తిట్టుకునేవారు.

“ఆ పైపుకి బెజ్జాలే లేవు కదా బాబాయ్” అన్నాను ఒకరోజు.

“బెజ్జాలు చెవుల కోసంరా. వేళ్లకి అక్కర్లేదు” అన్నాడు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. బ్యాగ్‌పైపు తిత్తిలో గాలి నింపి మొదలుపెట్టాక మోత మధ్యలో ఆగదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే నడుమ ఇంకో వేలు చటుక్కున లేచి పడాలి. ఆ విరుపునే మేం గమకం అనేవాళ్లం. అది లేకపోతే పాటంతా అతుక్కుపోయి ఫ్యాక్టరీ సైరన్‌లా ఉంటుంది. అన్నిటికన్నా కష్టమైనది కింది చేతి చిటికెన వేలితో వేసే గమకం. పై చేతి చిటికెన వేలికి మాత్రం ఏ పనీ ఉండదు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఊరికే కూర్చుంటుంది.

ఆ చిటికెన వేలి గమకంలో మా టర్నరును మించినవాడు లేడు. లేతు మిషను మీద పనిచేసే ఆయనే మా బ్యాండుకి ప్రాణం. ఆ మిషనే ఒకరోజు ఆయన కుడి చేతి చిటికెన వేలు తీసేసింది. గాయం మానింది గానీ మనిషి కోలుకోలేదు. బ్యాగ్‌పైపును బ్యాండు గదిలో అప్పజెప్పేసి, మా సాధన చెవిన పడకుండా అవతలి గేటులోంచి ఇంటికెళ్లేవాడు. ఆ ఏడాది బ్యాండ్ల పోటీలో మా ఊరి మిల్లు బ్యాండు మమ్మల్ని చిత్తుచిత్తుగా ఓడించింది.

ఇక ఆశంతా బాబాయి మీదే పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే ఆయనకి వింత బుద్ధి పుట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పెట్టి వాయించిన మనిషి, ఉన్నట్టుండి చేతులు మార్చేశాడు. విద్యంతా ఒక్క దెబ్బతో ఓనమాలకి వచ్చింది. ఇంట్లో తిత్తి లేకుండా వాయించే సాధన గొట్టం కుయ్యోమని ఏడ్చేది. ముప్ఫై ఏళ్లు భరించి ఇప్పుడిప్పుడే అలవాటు పడ్డానని, మళ్లీ మొదటికి తేవడం ఏం న్యాయమని పిన్ని అడిగింది. కొత్తగా బావుందే అన్నాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు.

బ్యాండు మాస్టారు రెండు నెలలు ఓర్చుకుని, ఆయన్ని వాయించేవాళ్ల వరసలోంచి తీసేసి జెండా చేతికిచ్చారు. జెండా కర్ర కూడా పొడుగ్గా, గుండ్రంగా ఉంటుందన్న సంగతి పాపం మాస్టారికి తట్టలేదు. గాలి ఆడని రోజున కూడా మా జెండా రెపరెపలాడుతూ వెళ్లేది. అందరూ నవ్వారు. ముసలాయనకి చాదస్తం ముదిరిందని ఎవరో నా ఎదుటే అంటే నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మళ్లీ పోటీ వచ్చింది. బ్యాగ్‌పైపు వాయించేవాళ్లు ఎనిమిదిమంది లేనిదే మైదానంలోకి రానివ్వరు. మాకున్నది ఏడుగురే. గతిలేక మాస్టారు బాబాయి దగ్గరికొచ్చి, ఎలాగోలా వరసలో నిలబడమని బతిమాలారు.

“నేనొద్దండీ. నాకంటే బాగా వాయించేవాణ్ణి తెచ్చాను” అన్నాడు బాబాయి.

ఆయన వెనకనుంచి టర్నరు వచ్చాడు. యూనిఫాం ఇస్త్రీ చేసి ఉంది. బ్యాగ్‌పైపు పెద్ద గొట్టాలు అందరిలా ఎడమ భుజం మీద కాక కుడి భుజం మీదున్నాయి. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద. లేని వేలు ఎక్కడుందో చూశాను. ఏ పనీ అక్కర్లేని చోట ఉంది.

ఆ రోజు మేం వాయించినట్టు మళ్లీ వాయించలేదు. చిటికెన వేలి గమకం వచ్చిన ప్రతిచోటా ఆయన ఎడమ వేలు వడగళ్లు రాలినట్టు పలికింది. మిల్లు బ్యాండు వాళ్లే ముందు లేచి చప్పట్లు కొట్టారు. కప్పు మాదే.

మైదానంలోంచి బయటికొస్తుంటే టర్నరు నాతో చెప్పాడు. వేలు పోయిన వారానికే బాబాయి వెళ్లి చేతులు మార్చి వాయించమన్నాడట. ఈ వయసులో అయ్యే పని కాదని ఈయన తలుపేసుకున్నాడట. బాబాయి వెళ్లిపోయి, ఎనిమిది నెలల తర్వాత మళ్లీ వచ్చి, చేతులు మార్చి ఒక పాట మొత్తం వాయించి చూపించాడట.

“‘నీకంటే పదేళ్లు పెద్దవాణ్ణి, నాకే వచ్చింది. ఇంకేం సాకు చెబుతావో చెప్పు’ అన్నాడు. మర్నాటినుంచి మధ్యాహ్నం భోజనాల వేళ స్టోరు తలుపులేసుకుని నేర్చుకున్నా. ఏ వేలు ఎక్కడ మొండికేస్తుందో ఆయనకి ముందే తెలుసు, అన్నీ తను పడి లేచినవే” అన్నాడు టర్నరు.

ముందే మాకు చెబితే ఏం పోయేదని బాబాయిని నిలదీశాను. చెప్పాక నాకే రాకపోతే, వేలు పోయినవాడికి ఆశ కూడా పోయేది కదా అన్నాడు.

ఇప్పుడు బాబాయి మళ్లీ తన పాత పద్ధతికి మారుతున్నాడు. నేర్పేది టర్నరు. పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. “అన్నా, ఆ వేలు నిద్రపోతోంది, లేపు” అని గదమాయిస్తాడు. బాబాయి బుద్ధిగా తలూపి, మళ్లీ అదే తప్పు చేస్తాడు. టర్నరు గొంతు ఇంకాస్త పెరుగుతుంది, ఛాతీ కూడా. ఆ తప్పుల్లో సగం బాబాయి కావాలనే చేస్తున్నాడని నా అనుమానం.