జమీలా ఆపా చేపలూ, లోపల వదిలిన బట్టా

నిన్న పాత జాకెట్టు ఒకటి వదులు చేద్దామని పక్క కుట్టు విప్పుతుంటే, బ్లేడు అంచుకు దారం టప్‌టప్‌మని తెగి లోపలి బట్ట బయటపడింది. పైన అంతా వెలిసిపోయిన నెమలికంఠం రంగు ఆ మడతలో మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తోంది. రెండు వేళ్ల వెడల్పు. కుట్టు లోపల ఇంత బట్ట వదిలే దర్జీ మా మేడ్చల్‌లో ఒక్కరే ఉండేవారు, జమీలా ఆపా. ఆమె ఇప్పుడు లేరు. మేకల నట్టల మందు పోసి చేపలను చంపుకున్న దర్జీ అని ఆమె గురించి బస్టాండు దగ్గర ఇంకా నవ్వుకుంటారు. మందు పోసిన మాట నిజం. అది మేకలదే, అదీ నిజం. చేపలు మాత్రం చావలేదు. అప్పుడు పక్కనే ఉన్నదాన్ని కనుక, ఆ ఒక్క అబద్ధం సరిదిద్దడానికి ఇది రాసి పెడుతున్నాను.

ఇంటర్‌తో చదువు ఆగిపోయాక, 2011లో ఆమె దుకాణంలో హుక్కులు, కాజాలు కుట్టే పనికి కుదిరాను. ఖాళీ దొరికితే ఊరి గ్రంథాలయంలో ఉండేదాన్ని. అక్కడ నేను చదవని అలమర ఒక్కటే మిగిలింది, అదీ దాని తాళం చెవి పోవడం వల్ల. నా పేరు సుజాత అయినా ఆపా నన్ను ఎన్నడూ అలా పిలవలేదు. "ఓ లైబ్రరీ! గా పుస్తకం కాజా కుడ్తదా? సూది పట్టు" అనేవారు. ఆమెది అలియాబాద్. పెద్ద గొంతు, పెద్ద నవ్వు, చెప్పిన రోజుకు ఒక్క జాకెట్టూ ఇవ్వని పెద్ద పేరు. ఎదురుచూసే ఆడవాళ్లు గొడవ చేయకుండా ఉండాలని దుకాణంలో ఒక చిన్న అక్వేరియం పెట్టించారు. అందులో మామూలు రంగు చేపలు కావు, ఉప్పునీళ్లు, రాళ్లు, తెల్లచారల నారింజ చేపల జంట, గాలికి ఊగే గడ్డిలా కదిలే ఆకుపచ్చ పగడం. సుచిత్ర చౌరస్తాలో అక్వేరియం దుకాణం నడిపే శ్రీనివాస్ తెచ్చి అమర్చాడు. ఎందుకింత ఖరీదైన సరదా అని ఎవరైనా అడిగితే, "నేను సముద్రం జూసింది లే. పోదామంటే జాకెట్లు పోనిస్తలేవు. గందుకే గదే నా దగ్గరికొచ్చింది" అనేవారు. పొద్దున తాళం తీయగానే ముందు చేపలకు సలాం, తర్వాతే మాకు.

మరుసటి ఏడు వానాకాలంలో అద్దం మీద తుప్పు మరకల్లాంటివి కనిపించాయి. తుడవబోతే పాకాయి. గోరు కొనంత కూడా లేని, కాగితంలా పలచని గోధుమరంగు పురుగులు. వారం తిరక్కుండానే రాళ్లనూ పగడాన్నీ కప్పేశాయి. పగడం ముడుచుకుపోయింది. ఆపా చేతులు ముంచి, దర్జీ మనిషి కదా, కత్తెరతోనే వాటి పని పట్టడం మొదలుపెట్టారు.

నేను గ్రంథాలయానికి పరుగెత్తి జంతుశాస్త్రం పుస్తకం తిరగేసి, ఆయాసపడుతూ వచ్చాను. "ఆపా, ఆపుండ్రి! గివి చదును పురుగులు. గీ జాతిల కొన్నిటిని నడుమకు కోస్తే రెండు ముక్కలూ రెండు పురుగులైతయట!"

ఆపా కత్తెర నీళ్లలోనే ఆగిపోయింది. "యా అల్లా! రెండు దినాల సంది నేను గీటికి కాన్పులు జేస్తున్ననా?" తర్వాత కత్తెర తుడుచుకుంటూ నా వైపు తిరిగారు. "ఇగ విను లైబ్రరీ. గిన్ని దినాలు సదివినవు గద. నా చేపలు బతకాలె, పురుగులు పోవాలె. నీ పుస్తకం గిది జేస్తే, రేపట్సంది నువ్వు మిషన్ మీద పుస్తకం పెట్టుకొని సదువు, నేనేమనను. చెయ్యకపోతే పుస్తకం దుకాణంలకు రావద్దు."

అలా నా చదువంతా ఆ గాజుపెట్టెలో పడింది. మళ్లీ చదివాను. మేకల కాలేయంలో పడే జలగలూ ఈ పురుగులకు దాయాదులే అని తెలిసింది. దాయాదులకు పనిచేసిన మందు వీటికెందుకు పనిచేయదని పశువుల మందుల షాపులో నట్టల మందు సీసా కొన్నాను. శ్రీనివాస్‌కు ఫోన్ చేస్తే, తనూ ఆ రకం మందు పనిచేస్తుందని విన్నాడట, కాకపోతే ఎప్పుడూ పోసి చూడలేదట. సీసా మూత తీయబోతే ఆపా నా మణికట్టు పట్టుకున్నారు.

"మంచి బట్ట మీద సీదా కత్తెర పెడ్తమా? లోపల రెండు వేళ్ల బట్ట ఇడువొద్దా?"

"చేపలకు లోపలి బట్ట ఏంది ఆపా?"

"గదే జూస్త ఉండు."

డ్రమ్ముల్లో ఉప్పునీళ్లు కలిపించి మూలన పెట్టించారు. సన్నని పైపుతో పురుగులను ముందు వీలైనన్ని పీల్చి పారేయాలన్నారు. అప్పుడే కూతురి పెళ్లి జాకెట్ల కోసం యాదమ్మక్క వచ్చింది. "జమీలా, నా పిల్ల జాకెట్లేవే?" "అయితున్నయ్ గని, గీ పైపు వట్టు యాదమ్మా, జల్దీ అయితయ్." ఆమె తిట్టుకుంటూనే కూర్చుంది. కాసేపటికి, "అగో, గా రాయి ఎనకాల దాగింది, దొంగముండ!" అని వేటలో పడిపోయింది. మర్నాడు జాకెట్ల పని లేకపోయినా వచ్చింది.

పురుగులు పలచబడ్డాక, నేను చెప్పిన మోతాదులో సగమే పోయనిచ్చారు. చూస్తుండగానే మిగిలినవన్నీ రాళ్లను వదిలి ఎండుటాకుల్లా రాలాయి. నేను చప్పట్లు కొట్టాను. అంతలో నీళ్లు పచ్చబారాయి. చేప ఒకటి ఒరిగిపోయి, నోరు తెరిచి మూస్తోంది. చచ్చిన పురుగులు విషం వదులుతాయని నా పుస్తకంలో లేదు. సీసా పట్టుకునే ఏడుపు మొదలుపెట్టాను. ఆపా అరిచారు: "ఏడ్వకు! మూలకున్న డ్రమ్ము గుంజు!" ఆమె బకెట్లతో పాత నీళ్లు తోడుతుంటే నేనూ యాదమ్మక్కా కొత్తవి పోశాం. దుకాణమంతా ఉప్పునీళ్లు. సాయంత్రానికి ఆ చేప నిటారుగా లేచి, ఏమీ జరగనట్టు తిండి కోసం అద్దం దగ్గరకొచ్చింది. ఆపా చేతుల్లో ముఖం దాచుకున్నారు. లేచాక అన్నది ఒకటే మాట: "మందు నీది, నీళ్లు నావి. రేపు పుస్తకం తెచ్చుకో."

పది రోజులకు పగడం విచ్చుకుంది. నేను మిషన్ మీద పుస్తకం ఆనించుకుని చదివాను, ఆమె మాట తప్పలేదు. జాకెట్ల విషయంలో తప్ప ఆమె ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఏ పుస్తకంలో ఏది చదివినా, నాకు తెలిసినంత మేరకు గట్టిగా నమ్ముతాను, తెలియనిదానికి ఒక డ్రమ్ము నీళ్లు మూలన పెట్టుకుంటాను.

సంచీ నిండా బొగ్గు పట్టుకుని మర్నాడు పరుగున వచ్చి, నీళ్లలో మిగిలిన విషం లాగించిన శ్రీనివాస్‌కు కృతజ్ఞతలు. గడువు దాటినా పుస్తకం వెనక్కి అడగని గ్రంథపాలకుడు నర్సింహారెడ్డి సారుకు కృతజ్ఞతలు. పైపుతో పురుగులను వేటాడిన యాదమ్మక్కకూ, మా వల్ల పెళ్లిపీటల మీదికి వెళ్లేముందు నిలబడి హుక్కులు కుట్టించుకున్న ఆమె కూతురు స్వరూపకూ కృతజ్ఞతలు. ఇక జమీలా ఆపా, మీకు. నిన్న ఆ జాకెట్టు వదులు చేశాను, సరిగ్గా సరిపోయింది. లోపల ఇంకా ఒక వేలంత బట్ట మిగిలే ఉంది.