పోల్ నొక్కని కోటేశ్వరమ్మ

2023 మార్చి. గుంటూరులో ఒక దూరవిద్యా అధ్యయన కేంద్రంలో నేను అకడమిక్ కౌన్సెలర్‌ని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని ఇంతే: ఇంటి దగ్గర పుస్తకం చదువుకునే డిగ్రీ విద్యార్థులకు ఆదివారాలు అర్థశాస్త్రం పాఠం వివరించి, అనుమానాలు తీర్చడం. కరోనా తర్వాత ఆ క్లాసులు ఆన్‌లైన్‌కి మారాయి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తెరమీద అరవై పేర్లు కనిపిస్తాయి, ఒక్క మొహం కనిపించదు. అందరూ క్లాసు తెరిచిపెట్టి వంటలు చేసుకుంటున్నారని నా గట్టి నమ్మకం.

అందుకని పోల్ పెట్టాను. పాఠం మధ్యలో తెరమీద హఠాత్తుగా ఒక ప్రశ్న వస్తుంది, నిమిషంలోపు జవాబు మీద వేలితో నొక్కాలి. నొక్కకపోతే హాజరు లేదు. నాలుగు క్లాసులు అలా పోతే ఇంటర్నల్ పరీక్ష రాయనివ్వం. ఈ నిబంధన విశ్వవిద్యాలయానిది కాదు, అచ్చంగా నాదే. మా కేంద్రం కోఆర్డినేటర్ గారు మెచ్చుకోవడంతో ఇంకాస్త బిగుసుకున్నాను.

ఆరు వారాలయ్యాక తొమ్మిది మందితో జాబితా తయారైంది. మొదటి పేరు కోటేశ్వరమ్మ, చిలకలూరిపేట దగ్గర పల్లె. ఆరు క్లాసుల్లోనూ మొదట్నుంచి చివరిదాకా ఉన్నట్టే చూపిస్తోంది, ఒక్క పోల్ కూడా నొక్కలేదు. జాబితా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మర్నాడే ఆవిడ బస్సెక్కి కేంద్రానికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి.

కూర్చోమని కూడా అనకుండా అందుకున్నాను. క్లాసులో చేరి ఎటో వెళ్లిపోతే చదువు రాదని, ఇలాంటివాళ్ల వల్లే దూరవిద్యంటే జనానికి చులకనని దులిపేశాను. అంతా విని నెమ్మదిగా చెప్పింది.

"నేనెటూ పోలేదు సార్. కల్లంలో తాలుకాయలు ఏరుతా విన్నాను. ఇంటర్నల్ రాయకపోతే ఏడాది పోద్ది. ఇంకో ఏడాదికి మా ఇంట్లో ఒప్పుకోరు."

తాలుకాయలంటే రంగు వెలిసిన మిరపకాయలు. అవి ఏరి పక్కన పెడితేగానీ మంచి కాయ గుంటూరు మిర్చి యార్డుకు అమ్మకానికి వెళ్లదు. ఆ రోజుల్లో మిరప రైతుకు ఆదివారమనేది ఉండదు. ఫోను పందిరి గుంజకు కట్టుకుని పాఠం వింటూ పని చేసేదట. మొదటి క్లాసులో నొక్కబోయి ఫోనంతా కారం చేసిందట. తర్వాత వాళ్ల అత్తగారు అదే ఫోను చెంపకు ఆనించుకుని మాట్లాడేసరికి చెంప, చెవి భగ్గుమని ఇల్లంతా రభస. అప్పట్నుంచి కల్లంలో ఫోను ముట్టుకోకూడదని అత్తగారి ఆంక్ష.

నవ్వొచ్చింది గానీ నమ్మబుద్ధి కాలేదు. సరఫరా సూత్రం చెప్పమన్నాను. నా మాటల్లోనే, నేను చెప్పిన ఉదాహరణతో సహా అప్పజెప్పి, అక్కడితో ఆగలేదు.

"ధర పెరిగితే సరుకు ఎక్కువ అమ్మకానికి వస్తదన్నారు. మా ఊళ్లో ధర పెరిగితే ఇంకా పెరుగుద్దని కాయ కోల్డ్ స్టోరేజీలోనే ఉంచుతారు సార్. మరి అదెట్టా?"

ముందు ముందు ధర ఎలా ఉంటుందన్న అంచనా కూడా సరఫరాను మారుస్తుంది. అది నేను చెప్పి ఉండాల్సింది, తొందరలో వదిలేశాను. పోల్ నొక్కిన యాభై మందిలో ఒక్కరూ పట్టుకోలేదు. ఈ అనుమానం ఎప్పట్నుంచి అన్నాను.

"నెల దాటింది సార్. అడగటానికి చెయ్యి ఖాళీ లేదు."

నాకు సిగ్గేసింది. పాఠ్యపుస్తకాలు పోస్టులో పంపిన రోజుల్లో ఏ గంటకు చదివారని మేము ఎవరినీ అడగలేదు. పొలం పని అయ్యాక చదువుతారో, బస్సులో చదువుతారో వాళ్లిష్టం. దూరవిద్య నిలబడిందే ఆ వెసులుబాటు మీద. ఆన్‌లైన్ వచ్చాక నేను చేసిన ఘనకార్యం, తరగతి గదిని హాజరు పట్టీతో సహా వాళ్ల ఫోన్లలోకి దూర్చడం.

ఆ సాయంత్రమే జాబితా రద్దు చేసి, మిగిలిన ఎనిమిది మందికీ ఫోన్ చేశాను. ఒకతను పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర లారీ డ్రైవరు, స్టీరింగు వదిలి నొక్కలేనన్నాడు. ఇద్దరికి సిగ్నల్ బాధ. ఒకాయన మాత్రం నిజంగానే నిద్రపోయానని ఒప్పుకున్నాడు. అందరూ జారుకుంటారేమోనని కోఆర్డినేటర్ గారు సందేహించారు. అయినా పోల్ గడువు నిమిషం నుంచి వారానికి మార్చాం, పాఠం రికార్డు చేసి పెట్టాం, అనుమానాలు వాయిస్ మెసేజిలో పంపమన్నాం.

మొదటి మెసేజి కోటేశ్వరమ్మదే, ఆ కోల్డ్ స్టోరేజీ ప్రశ్నే. దాచుకునే చోటు లేనివాళ్లు వచ్చిన ధరకు అమ్ముకోక ఏం చేస్తారని ఒక పత్తి రైతు జవాబిచ్చాడు. ఇంకొకరు కాదన్నారు. నాలుగు రోజులు వాదన నడిచింది. నేను చెప్పిన పాఠాలన్నింటికంటే అదే బాగుంది, అందులో నా మాటలు రెండో మూడో.

ఆవిడ ఇంటర్నల్ రాసింది, ఏడాది దక్కింది, తర్వాత డిగ్రీ కూడా పూర్తి చేసింది. ఇప్పుడు కొత్త కౌన్సెలర్లు వస్తే నేను మొదట చెప్పేది ఒకటే. తెరమీద మౌనంగా ఉన్న పేరును చూసి ఏమీ అనుకోకండి, ఫోన్ చేసి అడగండి. నేను అడగకుండానే ఒక మనిషి చదువు ఆపబోయాను.