సోంబరు తాత చెప్పులు

మా సోంబరు తాత నడిచొస్తుంటే అనంతగిరి కొండే పక్కకు తప్పుకుని దారిస్తుంది. తప్పుకోకపోతే కొండకే ప్రమాదం, తాత ఎటు ఒరుగుతాడో తాతకే తెలియదు. అడుగు వేసిన ప్రతిసారీ ఎడమ చీలమండ లోపలికి వాలిపోతుంది. అందుకే ఆ చెప్పు లోపలి అంచు సంతలో కొన్న నెలకే అరిగిపోతుంది. నొప్పి మొదట మడమలో ఉండేది, తర్వాత మోకాలికి ఎక్కింది, ఇప్పుడు నడుములో కాపురం పెట్టింది. దానికి వైద్యం తాతే కనిపెట్టాడు. దున్నేటప్పుడు అలిసిన ఎద్దును రెండో పక్కకు మార్చి కట్టినట్టు, కుడి చెప్పు ఎడమకీ ఎడమ చెప్పు కుడికీ తొడిగాడు. నొప్పి రెట్టింపయింది. అయినా ఈల వేసుకుంటూనే తిరిగాడు. కొండ ఎక్కలేని రోజున కాఫీ తోట వదిలేస్తానని మా నాన్న కామేష్‌కు ఊరందరి ముందూ మాటిచ్చాడు మరి.

మొన్న తోటలో కాఫీ పళ్లు కోస్తుంటే, ఏటవాలులో ఆ ఎడమ కాలు మడతపడి బుట్టతో సహా బోర్లా పడ్డాడు. కోతకు వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాన్న వచ్చి బుట్ట లేపాడు, తాతను లేపలేదు.

"అయ్యా, ఇంక దిగిపో. రేపట్నుంచి తోటకి రానక్కర్నేదు."

నేను చెప్పులు ఏరి తెచ్చి, "ఈసారి సేతులకి తొడుగు తాతా, బేగి ఎక్కేత్తావు" అన్నాను.

తాత తడిమట్టిలో పడిన నా అడుగుల వైపు చూశాడు.

"నవ్వుకోవే గుంటా. నీ ఎడం కాలూ నాలాగే లోపలికి పడతంది."