ఒక్క బేరింగ్ కోసం ష్వైన్‌ఫర్ట్ దాకా

మాది మిర్యాలగూడ పక్క ఊరు. అక్కడ బియ్యం కావాలంటే కొట్టుకు పోము, మిల్లుకే పోతాం. గేటు దగ్గర గుమాస్తాను పలకరిస్తే బస్తా బండి మీదికి ఎక్కిస్తాడు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌కు వచ్చి మూడేళ్లయినా ఆ అలవాటు నన్ను వదల్లేదని ఈ ప్రయాణంలో తెలిసింది. కారు పార్టులు డీలర్ దగ్గర కాకుండా తయారుచేసిన వాళ్ల దగ్గరే కొనాలనుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

అది 2021 వసంతం. మా పాత కారు ముందు చక్రంలో హోరు మొదలైంది. జాకీ పెట్టి లేపి ఊపి చూస్తే చక్రం కదిలింది. ఇక్కడికి రాకముందు ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టులో పనిచేసినవాణ్ని కాబట్టి వీల్ బేరింగ్ పోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు. కానీ నా భార్య పద్మకు ఆదివారం నుంచి రెండు వారాలు ఉదయం షిఫ్టు పడింది. ఆమె నర్సు. పనిచేసే వృద్ధాశ్రమం బ్యోబ్లింగెన్ దాటాక ఒక పల్లెలో ఉంది. కరోనా వల్ల బస్సులు తగ్గించారు, ఆ వేళకు ఒక్కటీ లేదు. తన కారులో తీసుకుపోగలిగిన ఒక్క సహోద్యోగికీ పాజిటివ్ వచ్చి ఇంట్లో ఉంది. రెండు వారాలు టాక్సీ అంటే పద్మ జీతంలో సగం దానికే పోతుంది. ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు ఇక్కడ పరీక్షా కాలం, కారణం చెప్పకుండానే పంపించవచ్చు. పద్మకు ఇంకా నాలుగో నెలే. మా ఇద్దరి వీసాలూ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి.

డీలర్‌ను అడిగితే పార్టు రావడానికి నెలన్నర అన్నాడు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదామంటే కొరియర్లు కిక్కిరిసి ఉన్నాయి, వచ్చే వారం అని చూపించింది. నిరుడు రెండో వైపు బేరింగ్ మార్చినప్పుడు పాతదాన్ని తుడిచి చూశాను. కారు కంపెనీ గుర్తు పక్కనే దాన్ని తయారుచేసిన కంపెనీ పేరు చెక్కి ఉంది. కారు కంపెనీలు బేరింగులు చేయవు, కొని తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. ఆ తయారుచేసే ఫ్యాక్టరీ ష్వైన్‌ఫర్ట్‌లో ఉంది. నేను పనిచేసే గోదాములో పని తగ్గించి శుక్రవారాలు సెలవు ఇస్తున్నారు. ఇంకేం, పోదామనుకున్నాను.

"ముందుగాల ఫోన్ చేసి అడగరాదు?" అంది పద్మ.

"ఫోన్‌ల అడిగితే లేదంటరు. మనిషి ఎదురుంగ నిలబడితే ఇస్తరు."

"నీ మిల్లు లెక్కనే అనుకుంటున్నవ్ అందరినీ" అంటూ పులిహోర డబ్బా సంచిలో పెట్టింది.

లోకల్ రైళ్లలో దేశమంతా చెల్లే ఒకరోజు టికెట్ తీసుకున్నాను. నలభై యూరోల పైమాటే, పనిదినాల్లో తొమ్మిది దాటాకే ఎక్కాలి. బ్యోబ్లింగెన్ నుంచి స్టుట్‌గార్ట్‌కు ఎస్-బాన్ అనే లోకల్ రైలు, అక్కడి నుంచి వ్యుర్జ్‌బుర్గ్‌కు రెండు గంటలకు పైగా నడిచే రైలు, అక్కడ మరొకటి మారాలి. వేగంగా పోయే రైలు ఎక్కితే గంట కలిసొస్తుంది కానీ ఖర్చు పెరుగుతుంది. దారిలో ద్రాక్ష తోటలకు కత్తిరింపులు అయిపోయి, మోడులు వరుసగా కట్టి ఉన్నాయి. పెట్టెలో పదిమంది కూడా లేరు.

బవేరియా దగ్గర పడుతుండగా టికెట్లు చూసే ఆయన నా దగ్గర ఆగాడు. "ఈ నీలం మాస్కు ఇక్కడిదాకానే చెల్లుతుంది. బవేరియాలో ఎఫ్ఎఫ్‌పీ2 ఉండాలి. లేకపోతే వచ్చే స్టేషన్‌లో దిగాలి."

నా దగ్గర లేదు. రాష్ట్రం మారితే మాస్కు మారుతుందని నాకు తోచనే లేదు. పక్క వరసలో ఊలు అల్లుకుంటూ కూర్చున్న పెద్దావిడ తలెత్తకుండానే సంచిలోంచి సీలు తీయని మాస్కు ఒకటి తీసి చేయి చాపింది. నేను పర్సు తీయబోతే, "పర్సు లోపల పెట్టండి, నా లెక్క తప్పుతోంది" అని మళ్లీ కుట్లు లెక్కపెట్టుకుంది.

ఒంటిగంట దాటాక ష్వైన్‌ఫర్ట్‌లో దిగాను. స్టేషన్ దాటగానే ఫ్యాక్టరీ గోడలు మొదలవుతాయి. నాకు కావలసిన గేటు దగ్గర, అద్దాల గదిలో, తెల్లమీసాల కాపలాదారు మైకు ముందు కూర్చుని ఉన్నాడు.

"టెర్మిన్ ఉందా?" అన్నాడు, అపాయింట్‌మెంట్ ఉందా అని.

"లేదండీ. బేరింగ్ కొనాలి."

"ఎన్ని వేలు?"

"ఒక్కటి."

ఆయన మైకు ఆపేశాడు. అద్దం వెనక భుజాలు ఊగడం మాత్రం కనిపించింది. కాసేపటికి మళ్లీ మీట నొక్కాడు. "ఇన్నేళ్లలో ఒక్క బేరింగ్ కోసం రైలెక్కి వచ్చినవాణ్ని మిమ్మల్నే చూస్తున్నాను. ఎక్కడి నుంచి?"

చెప్పాను. ఆదివారం షిఫ్టు సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వు ఆగింది.

"గేటు దగ్గర మేం అమ్మం. డైరెక్టరు తమ్ముడు వచ్చినా అమ్మం. కానీ డీలర్ డబ్బాలోకి పోయేదే మా సొంత డబ్బాలో పార్టుల హోల్‌సేల్‌కూ పోతుంది. వంతెన అవతల ఒకటుంది. శుక్రవారం మూడింటికే మూసేస్తారు." దారి గీసిన కాగితాన్ని అద్దానికి అదిమి పట్టుకుంటే నేను ఫోటో తీసుకున్నాను. కదలబోతుంటే మైకులో మళ్లీ గొంతు: "నడిస్తే కుదరదు, పరిగెత్తండి!"

పరిగెత్తాను. హోల్‌సేల్ తలుపుకు అడ్డంగా బల్ల వేసి, దానిమీద ప్లాస్టిక్ తెర నిలబెట్టారు. వెనక ఫ్రౌ బ్రాండ్, అంటే శ్రీమతి బ్రాండ్, అని పేరు బిళ్ల పెట్టుకున్న ఆవిడ కంప్యూటర్ చూస్తోంది.

"వర్క్‌షాపులకు తప్ప అమ్మం. మీ వర్క్‌షాపు కస్టమర్ నంబరు?"

నాకు వర్క్‌షాపు ఎక్కడిది? ఇక్కడ మనమే రిపేరు చేసుకోవడానికి గంటల లెక్కన కారును పైకెత్తే లిఫ్టు, పనిముట్లు అద్దెకిచ్చే షెడ్లుంటాయి. మా ఇంటి దగ్గర అలాంటి షెడ్డు నడిపే కెస్లర్ దగ్గర శనివారం పొద్దున లిఫ్టు మాట్లాడుకుని ఉన్నాను. ఆయనకే ఫోన్ చేశాను.

"ష్వైన్‌ఫర్ట్‌లోనా? నువ్వా? దేనికి?" అన్నాడు.

"బేరింగ్ కోసం." ఏ హోల్‌సేల్ దగ్గర ఉన్నానో, వాళ్లు ఏం అడిగారో చెప్పాను.

"ఆ హోల్‌సేల్ వాళ్ల దగ్గర నాకు ఖాతా ఉంది కదా. నంబరు రాసుకో."

ఫ్రౌ బ్రాండ్ ఆ నంబరు కొట్టి కంప్యూటర్ తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "ఇది మా సిండెల్‌ఫింగెన్ శాఖ ఖాతా. ఆ శాఖలో ఈ బేరింగులు మూడున్నాయి."

సిండెల్‌ఫింగెన్ మా ఇంటి నుంచి సైకిల్ మీద పావుగంట. ఫోన్‌లో కెస్లర్ ఇంకా ఉన్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నువ్వు లిఫ్టు కావాలన్నావు. బేరింగ్ కావాలనలేదు" అన్నాడాయన.

ఇప్పుడు వెనక్కి వెళ్లేసరికి ఆ శాఖ మూసేస్తారు, సోమవారం దాకా తెరవరు. ఇక్కడే కొనాలి. తీరా చూస్తే మా మోడల్‌కు రెండు సైజులున్నాయట. రిజిస్ట్రేషన్ కాగితంలోని కోడ్ నంబర్లు కావాలంది. ఆ కాగితం పద్మ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. ఫోన్ చేస్తే ఆమె మధ్యాహ్నం షిఫ్టుకు బస్సులో పోతోంది.

"నాలుగు గంటలు రైల్ల పోయినవ్, కాగితం ఫోటో తీసుకోలేదా? గేటు కాడ అమ్మిన్రా మరి?"

"అది తర్వాత చెప్త. నువ్వు నంబర్లు చదువు."

"అమ్మలేదన్నట్టు. రాస్కో" అని ఒక్కో అంకె రెండుసార్లు చదివింది.

మూడు దాటింది. ఫ్రౌ బ్రాండ్ షట్టరు సగం దించి, లోపలికి పోయి, డబ్బా తెచ్చి నా ముందే తెరిచింది. చెక్కి ఉన్న పేరు అదే. పక్కన కారు కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. ధర డీలర్ చెప్పినదాంట్లో మూడో వంతు. "బోల్టులు కొత్తవి వేయండి, పాతవి మళ్లీ బిగించకూడదు" అని వాటినీ డబ్బాలో పడేసింది. కృతజ్ఞత చెప్పేలోగా షట్టరు పూర్తిగా దిగింది. పులిహోర వ్యుర్జ్‌బుర్గ్ ప్లాట్‌ఫారం మీద సగమే తిన్నాను, మిగతా సగానికి ఒక పని పెట్టుకున్నాను.

శనివారం పొద్దున కారును నడక వేగంతో కెస్లర్ షెడ్డు దాకా తెచ్చి లిఫ్టు ఎక్కించాను. పని రెండు గంటలు పట్టింది. చివర బోల్టులు బిగిస్తున్నప్పుడు ఆయన వచ్చి, నా చేతిలోని, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ తీసుకుని ఒక్కోటీ తనే మళ్లీ సరిచూశాడు. "ఆదివారం ఎవరు నడుపుతారు?" అన్నాడు. నా భార్య అన్నాను. ఇంకోసారి సరిచూశాడు. పులిహోర డబ్బా ఇస్తే మూత తీసి వాసన చూసి, "సోమవారం డబ్బా ఇస్తాను, కడిగి" అన్నాడు. రెండు గంటల అద్దె మాత్రం తీసుకున్నాడు.

ఆదివారం వేకువనే పద్మ బయలుదేరింది. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మెసేజ్ వచ్చింది: "చేరిన. చప్పుడు లేదు. పది నిమిషాలు ముందే." మధ్యాహ్నం వచ్చి తాళాలు బల్ల మీద పెడుతూ, "ఈసారి బియ్యం అయిపోతే సిండెల్‌ఫింగెన్‌ల అడుగు, మిర్యాలగూడ పోకు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

లెక్క చూస్తే ఆ ప్రయాణం అక్కర్లేనిది. మిగిలిన డబ్బులో చాలా భాగం టికెట్టుకే పోయింది. అయినా దాన్ని దండగ అనుకోలేను. మనుషులు ఒకరికొకరు దూరం జరిగి నిలబడిన ఆ రోజుల్లో, ముఖాలు కూడా సరిగా కనిపించని వాళ్లు ఒకరు మాస్కు, ఒకరు దారి, ఒకరు మూసేసే వేళ దాటాక పావుగంట, ఒకరు తన ఖాతా నంబరు ఇచ్చారు. కెస్లర్‌కు తప్ప నేను వాళ్లకు పరిచయం లేదు. నా భార్య ఆదివారం పనికి పోవాలన్న ఒక్క మాట కాపలాదారుకు సరిపోయింది, మిగతావాళ్లకు అదీ అక్కర్లేకపోయింది. ఆమె ఉద్యోగం నిలిచింది, పరీక్షా కాలం దాటింది. ఆ బేరింగ్ ఇప్పటికీ తిరుగుతోంది.

మీరూ ఇలా కొనాలనుకుంటే ఒక్క సలహా. ఫ్యాక్టరీకి పోకండి. రిజిస్ట్రేషన్ కాగితం ఫోటో పట్టుకుని, మీ దగ్గర్లో చిన్న వర్క్‌షాపు నడిపే మనిషిని, తయారుచేసిన కంపెనీ డబ్బాలోనే తెప్పించమని అడగండి. ఏ పార్టు కావాలో మొదటి మాటలోనే చెప్పండి. లిఫ్టు అడిగితే లిఫ్టే ఇస్తారు.