నిమ్మకాయ నీళ్ల డ్రమ్ము

ఒక బరువు మోస్తూ చాలా ఏళ్లుగా బతుకుతున్నాను. బరువు అంటే ఏదో పెద్ద మాట వాడుతున్నానని అనుకోకండి. పొద్దున లేవగానే గుర్తొస్తుంది. పనిలో పడితే పోతుంది. మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకోగానే మళ్లీ వస్తుంది. అంతే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత అవసరం వచ్చేది కాదు.

మాది శామీర్‌పేట చెరువుకు అవతలి ఊరు. మా నాయిన ద్రాక్షతోట పెట్టాడు. అప్పట్లో చుట్టుపక్కల చాలామంది పెట్టారు. తర్వాత బోర్లు ఎండిపోయాయి, తోటలు పోయాయి, వెంచర్లు వచ్చాయి. భూములు అమ్ముకున్నవాళ్లు మేడ్చల్‌లో మేడలు కట్టుకున్నారు. అమ్ముకోవడానికి ఏమీ లేనివాళ్లు కూలికి కీసర దాకా, నాగారం దాకా బస్సులు పట్టుకుని పోయేవాళ్లు. నాకు పరుగు పిచ్చి. పొద్దున్నే కట్ట మీద పరిగెత్తుతుంటే సిటీ నుంచి కార్లలో వచ్చినవాళ్లు కలిసేవాళ్లు. పరిగెత్తేవాళ్లు, ఫోటోలు దిగేవాళ్లు, ఊళ్లో ఒక చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయేవాళ్లు. వీళ్లను ఒక పూట ఆపగలిగితే ఊరికి అన్నం దొరుకుతుంది కదా అనిపించింది. ఏటా చలికాలంలో సిటీవాళ్లను పిలిచి పెట్టే మా ఊరి పరుగు అలా మొదలైంది.

పద్ధతి నేనే పెట్టాను. ఇంటికో పని. బీడు పొలం ఉన్నవాళ్లు కార్లు నిలపడానికి చోటివ్వాలి. గది ఉన్నవాళ్లు ముందురోజు వచ్చేవాళ్లకు పడకలు వేయాలి. చేయి తిరిగినవాళ్లు వండిపెట్టాలి. ఏ పనికి వచ్చిన ఆదాయం ఆ ఇంటిదే. ఒక్కటే షరతు. ఎవరి పని వల్ల వచ్చినవాళ్లకు చెడు జరిగితే ఆ ఇల్లు ఇక పరుగులో ఉండదు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ మీద నిలబడి ఆ షరతు చెప్పింది నేనే. చప్పట్లు కొట్టించుకుంది కూడా నేనే.

హమీదక్కకు సల్ల పని వచ్చింది. మజ్జిగను మేం సల్ల అంటాం. ఆమె మా వెనక ఇంట్లో ఉండేది. భర్త పోయాడు. ఒక కూతురు, కొన్ని బర్రెలు. చిన్నప్పటి నుంచి మా ఇంటికి పాలు వాళ్లవే. నన్ను తమ్మీ అని పిలిచేది, నా పెళ్లిలో మా వాళ్లందరికంటే ఎక్కువ హడావుడి చేసింది. పరుగు పూర్తయ్యే చోట పెద్ద కుండలు పెట్టి, ఉప్పూ అల్లమూ కలిపిన సల్ల పోయాలి. సగం దారిలో నిమ్మకాయ నీళ్లు ఇచ్చే పని నాది.

ముందురోజు సాయంత్రం చూసుకుంటే ఒక డ్రమ్ము తక్కువైంది. మా బోరుగది వెనక నీలం డ్రమ్ము ఒకటి ఉంది. ద్రాక్షతీగకు బూజు పట్టకుండా కొట్టే మందు, మైలుతుత్తం, సున్నం, నాయిన దాంట్లోనే కలిపేవాడు. తోట పోయి ఎన్నో ఏళ్లయింది కదా అనుకున్నాను. సబ్బు పెట్టి పీచుతో తోమాను. మంచినీళ్లు పోసి ఒక గ్లాసు నేనే తాగి చూశాను. ఏమీ కాలేదు. ద్రాక్ష రైతు కొడుకుని, మందు డ్రమ్ము సంగతి నాకు తెలియదా! నిజంగానే తెలియలేదు. సున్నంతో కలిసి గట్టిపడ్డ తుత్తం నీళ్లకు కరగదు, పులుపుకు కరుగుతుంది. చింతపండుతో రాగి చెంబు తోమే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. ఆ సాయంత్రం నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు పరుగు బ్రహ్మాండంగా మొదలైంది. నా నీళ్ల చోటు దాటాక, కట్ట మలుపు దగ్గర ఒకమ్మాయి వంగి వాంతి చేసుకోవడం చూశాను. అలవాటు లేక అలిసిపోయిందనుకుని భుజం తట్టి పంపాను. ఆ అమ్మాయి అప్పటికి సల్ల ముట్టుకోలేదు. ఈ సంగతి చూసింది నేనొక్కడినే. గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను. పరుగు ముగిసి, సల్ల తాగి, నీడన కూర్చున్నాక ఒకరి తర్వాత ఒకరు కడుపు పట్టుకున్నారు. కార్లలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైన్లు పెట్టారు. సాయంత్రానికి అందరూ క్షేమంగా ఇళ్లకు పోయారు. దేవుడి దయ. ఆ దయ నాకు ఎందుకు దొరికిందో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం సామాన్లు సర్దుతూ ఆ డ్రమ్ము వంచాను. లోపల నిమ్మకాయ నీళ్లు ఉన్నంత మేరా గోడ కొత్తదానిలా మెరుస్తోంది. దానిపైన, అంచు వరకూ, పల్చగా నీలం పెచ్చు. నేనెంత తోమినా వదలనిది, నీళ్లు తాకిన చోటల్లా పోయింది. ఎక్కడికి పోయింది? డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చున్నాను. చెప్పేస్తే ఏమవుతుంది? నా షరతు ప్రకారం నేను బయటికి పోతాను. నేను పోతే సిటీవాళ్లతో మాట్లాడేదెవరు? పరుగు ఆగిపోతుంది, ఊరు మళ్లీ బస్సుల పాలవుతుంది. ఊరి కోసమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా ఊరి కోసమేనా? కాదు. ఆ కుర్చీ మీద నిలబడి మాట్లాడిన మనిషి అలాగే నిలబడి ఉండాలని నాకు కోరిక. ఇది ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు అందరూ చేరారు. సల్ల పాడైనట్టుంది అని ఎవరో అన్నారు. అందరూ నా ముఖం చూశారు. "పొద్దటి సంది ఎండల పెట్టిండ్రు గద" అన్నాను. చలికాలం పొద్దున. మంచు కూడా విడలేదు. ఎక్కడి ఎండ? ఒక్కరైనా అడగలేదు. అడగరని నాకు తెలుసు. కుండలు పెట్టిన మనిషి పేరు హమీదా కాకుండా ఇంకేదైనా అయ్యుంటే ఒకరైనా అడిగేవాళ్లేమో. అదీ నాకు తెలుసు. తెలిసే అన్నాను. సిటీవాళ్లు పోలీసుల దాకా పోతామంటే, పాపం పేదది, వదిలేయండని బతిమాలింది కూడా నేనే. ఛీ, ఎంత మంచివాడిని!

మర్నాడు పొద్దున్నే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"తమ్మీ, గా సల్ల నేను తాగిన, నా బిడ్డ తాగింది. మాకేం గాలే. గట్లెట్లయితది చెప్పు?"

"కుండ సక్కగ కడగలేదేమో అక్కా."

"కడిగిన తమ్మీ. ఉడుకు నీళ్లు పోసి కడిగిన." తన చేతులు చూసుకుంది. "ఏమో, ఇగ. ఒక్క కుండ మరిసిన్నేమో. నా నసీబ్. పోలీసుల దాక పోకుంట నువ్వే ఆపినవంట గద. నువ్వు లేకుంటె మస్తు పరేషాన్ అయితుంటిమి. అల్లా నీకు మంచి జేస్తడు."

"పోనీ అక్కా. కొన్ని దినాలైతే అందరు మర్సిపోతరు."

అంతే మాట్లాడాను. తప్పు చేయని మనిషి నా కళ్ల ముందే తన చేతుల్ని తాను అనుమానించుకుంటుంటే పోనీ అక్కా అన్నాను. ఆమె దీవించి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఎవరూ మర్చిపోలేదు. ముందు పరుగులోంచి తీసేశారు. తర్వాత ఒక్కో ఇల్లు ఆమె దగ్గర పాలు మానేసింది. మా ఇల్లు కూడా మానేసింది. అందరూ మానేశారు కదా అని నా భార్య అంటే నేను పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఒక ఏడు గడిచేసరికి బర్రెలను అమ్ముకుని, కూతుర్ని తీసుకుని అల్వాల్ వెళ్లిపోయింది.

పరుగు మాత్రం పెరిగింది. ఇప్పుడు సైకిళ్లవాళ్లూ వస్తారు. పాత ఇళ్లకు గదులు కట్టి అద్దెకిస్తున్నారు. మహిళా సంఘంవాళ్ల టిఫిన్ల కోసం సిటీ నుంచి ముందే ఫోన్లు వస్తాయి. కూలికి బస్సెక్కేవాళ్లు తగ్గారు. అన్నా, నీ వల్లే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. పరుగు రోజు నేను ఎక్కడా నీళ్లు తాగను, ఉపవాసమని అబద్ధం చెబుతాను. మర్నాడు అందరూ వెళ్లిపోయాక కట్ట మీద ఒక్కడినే కూర్చుంటాను. ఎవరైనా పక్కన కూర్చుంటే బాగుండనిపిస్తుంది. కూర్చుంటే ఏం మాట్లాడాలి? ఇంట్లో భార్యతో, ఊళ్లో స్నేహితులతో, నేను చెప్పే ప్రతి మాటకూ వెనక ఈ మాట నిలబడి ఉంటుంది. అందుకని మాటలే తగ్గించేశాను. వయసు మీద పడిందనుకుంటున్నారు.

పోయిన ఎండాకాలం అల్వాల్ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. లోకల్ ట్రైన్ స్టేషన్ దగ్గరి సందులో ఆమె చిన్న కిరాణా కొట్టు పెట్టుకుందని తెలిసింది. జుట్టు తెల్లబడింది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. స్టూలు తుడిచి కూర్చోమంది. ఊళ్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి బాగున్నారా అని అడిగింది. ఇంత దూరం ఎండలో వచ్చావని లోపలి ఫ్రిజ్ తెరిచింది. నా గొంతులో మాట సిద్ధంగా ఉంది. ఈలోపు ఆమె కత్తెరతో పాకెట్ కొస కత్తిరించి, గ్లాసులో పోసి నా చేతికిచ్చింది.

"కంపెనీ పాకెట్ సల్లనే తమ్మీ. నేను జేసింది గాదు. భయం లేదు, తాగు."

తాగాను. ఒక్క గుక్కలో తాగి, గ్లాసు పెట్టి, పనుందని లేచి వచ్చేశాను. సందు మలుపు దాకా ఆమె చేయి ఊపుతూనే ఉంది.

ఆ రోజు ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. నాకూ తెలియదు. చెబితే ఆమె క్షమిస్తుందేమోనని భయం వేసింది. క్షమించదేమోనని కూడా భయం వేసింది. ఈ కాగితం పట్టుకుని మళ్లీ అల్వాల్ వెళ్తానా? వెళ్తానని మాటివ్వలేను. నా మాటల విలువ ఎంతో మీకు ఇప్పటికే తెలిసింది.

హమీదక్క సల్లలో ఏమీ లేదు. ఆమె కుండలు శుభ్రంగా ఉన్నాయి. డ్రమ్ము నాది. ఇన్నేళ్లలో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఈ మాటలు పైకి అనలేదు. ఇప్పుడే రాసి, గట్టిగా చదివాను. గదిలో ఎవరూ లేరు. అయినా కొంచెం ఊపిరి ఆడుతోంది.