నాయనమ్మ వంతు

ఎన్నికల గొప్ప గురించి నా ముందు ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. పార్టీలు అన్నదమ్ములను విడదీస్తాయంటారు. మా ఇంట్లో విడిపోవడానికి పార్టీ అక్కర్లేకపోయింది. నాయనమ్మకు పెట్టే జొన్నసంకటి ముద్ద చాలింది. పార్టీ వచ్చి ఆ తగాదాకు జెండా కట్టింది, అంతే.

గురజాలకు రెండు కోసుల దూరంలో మా ఊరు. నాన్న, బాబాయి పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు. నాయనమ్మ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్ళింట్లో తినేది. అమావాస్య నాడు పొద్దున్నే చాప చుట్టి చంకన పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని ఈ గడప దిగి ఆ గడప ఎక్కబోయేది. పిన్ని ఎదురొచ్చి, "అమాస ఇంకా రాలేదు గదత్తా, మజ్జాన్నం దాకా ఆళ్ళ వంతే" అనేది. వెనక్కి వస్తే మా అమ్మ అప్పటికే గిన్నె కడిగి బోర్లించి ఉండేది. ఆ పూట నాయనమ్మ రెండు అరుగుల మధ్య పస్తు కూర్చునేది. దారిన పోయేవాళ్ళు "ఏందవ్వా, అమాసా ఇయ్యాల?" అని నవ్వుతూ పోయేవాళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. అప్పట్లో అందరికీ ఓట్లు లేవు. భూమీ పన్నూ ఉండాలి, లేదా చదువుండాలి. నాయనమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన చేను ఆమె పేరునే ఉండేది. కొడుకులిద్దరూ దాన్ని చెరిసగం దున్నుకుంటున్నా ఓటు మాత్రం ఆమెదే. నాన్న ఒక పార్టీ వెంట తిరిగేవాడు కాబట్టి బాబాయి రెండో పార్టీ వెంట తిరిగేవాడు. ఆ పార్టీలకు తేడా ఏమిటో ఇద్దరికీ తెలియదు. రెండు పార్టీల వాళ్ళూ కార్లలో వచ్చి కృష్ణ నీళ్ళు తెస్తామన్నారు. మా ఉప్పుబావి నీళ్ళు ఇస్తే మాత్రం ఒక్కరూ తాగలేదు.

ఓట్లకు ముందు వచ్చిన అమావాస్యకు నాయనమ్మ బాబాయి ఇంటికి మారాలి. నాన్న అడ్డం నిలబడ్డాడు. "అమ్మ ఏడికీ రాదు. ఈ నెల గూడా నేనే పెడతా" అన్నాడు. "వంతంటే వంతే" అని బాబాయి కర్ర తీశాడు. చివరికి పెద్దమనుషులు తీర్పు చెప్పారు: పగలు మా ఇంట్లో, రాత్రి వాళ్ళింట్లో. ఓట్ల రోజున పోయేటప్పుడు నాన్న బండి, వచ్చేటప్పుడు బాబాయి బండి. ఆ రోజుల్లో ఆమెకు రెండు పూటలా వరన్నం, మీద నెయ్యి.

నాకప్పటికి కొత్తగా పెళ్ళయింది, ఇంకా పుట్టింట్లోనే ఉన్నాను. ఒకరోజు అన్నం కలుపుకుంటూ నాయనమ్మ నన్ను అడిగింది. "ఏమే పిల్లా, ఈ ఓట్లు ఏడాదికి ఎన్నిసార్లొస్తయ్యే?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఏసినాక మళ్ళీ సంకటేనా?" అంది.

ఓట్ల రోజున ఆమెను పట్టుకోవడానికి నేనూ బండిలో వెళ్ళాను. గురజాల బడిలో ఆడవాళ్ళ వరుస సాయంత్రం దాకా కదల్లేదు. గుంటూరు నుంచి వచ్చిన ఆఫీసరు మొగుడి పేరు అడుగుతాడు, ఒక్కతీ నోరు విప్పదు. నాయనమ్మ కూడా, "ఆయన పేరు నా నోటితో అనను బాబూ" అని తల తిప్పుకుంది. పేరు లేనిదే ఓటు కాగితం ఇవ్వనన్నాడు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నుంచి నాన్నా, బాబాయీ ఒక్కసారే తండ్రి పేరు పెట్టి అరిచారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండగా నేను చూడటం అదే మొదటిసారి.

కాగితం తీసుకుని ఆమె తెర చాటుకు వెళ్ళింది. లోపల తెల్ల పెట్టె నాన్న పార్టీది, నీలం పెట్టె బాబాయి పార్టీది. చాలాసేపటికి వచ్చింది. మా వెనకే గంట కొట్టి బడి తలుపులు మూసేశారు.

"ఏ పెట్టెలో ఏశావ్?" అని ఇద్దరూ మీద పడ్డారు.

ఆమె నడుము దగ్గరి ముడి విప్పి కాగితం చూపించింది. "దేంట్లోనూ ఎయ్యలా. ఏస్తే రేపట్నుంచి నాతో మీకేం పనిరా? చచ్చేదాకా నన్ను ఒక్కచోట కూకోబెట్టి కూడు పెట్టేవాడికే ఇది ఇస్తా."

ఓటంటే ఆ కాగితమేనని, చేతిలో ఉన్నంతకాలం చెల్లుతుందని ఆమె లెక్క. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. నాన్న, "ముదనష్టపుదానా, తలుపులు మూసినాక అది పొయ్యిలోకి గూడా పనికిరాదు" అన్నాడు. బాబాయి అంతకన్నా పెద్ద తిట్టు తిట్టాడు. ఎక్కించుకునే వంతు నీదంటే నీదని కాసేపు కరుచుకుని, రెండు బండ్లూ వెళ్ళిపోయాయి. నాకు వాళ్ళిద్దరి మొహాన ఉమ్మాలనిపించింది.

ఇద్దరం నడిచాం. దారిలో నాపరాళ్ళ కుప్ప మీద కూలబడి ఆమె, "నిజంగా చెల్లదంటావా?" అంది. చెల్లదన్నాను. "చెల్లకపోతే ఆళ్ళకంత కోపం ఎందుకే?" అని కాగితం మళ్ళీ ముడి వేసుకుంది.

నాన్న పార్టీ మనిషి గెలిచాడు. వానలు పడేలోగా ఓడినవాడు గెలిచినవాడి కారెక్కి మా ఊరొచ్చాడు. ఇద్దరి మెడలోనూ దండలు వేసింది మా నాన్నా, బాబాయే. నీళ్ళు రాలేదు. నాయనమ్మ వంతులు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి.

ఒక అమావాస్య పొద్దున ఆమె రెండు అరుగుల మధ్య చాప పక్కన పెట్టుకుని చచ్చిపోయి ఉంది. శవాన్ని ఎవరి వాకిట్లో పడుకోబెట్టాలో తేలక, అమావాస్య ఎప్పుడు వచ్చిందో చూడమని పంచాంగం తెప్పించారు. స్నానం చేయిస్తుంటే నడుము ముడిలో ఆ కాగితం చెమటకు నాని నా చేతికి తగిలింది. "ఏందది?" అన్నాడు నాన్న. ఓటన్నాను. "పారెయ్" అన్నాడు. నేను మళ్ళీ ముడి వేశాను.

పాడె ఎత్తే ముందు ఆనవాయితీ ప్రకారం ఆమె నోట్లో వరి బియ్యం వేయాలి. కొడుకులిద్దరూ ముందుకొచ్చి గుప్పెళ్ళతో వేశారు. దానికి మాత్రం వంతు ఎవరిదని అడగలేదు.